పదకొండు సెకన్ల గొంతు

పన్నెండో రేకు పొయ్యిలోకి తోసి మార్తీస్ మళ్ళీ పిండి లాగడం మొదలుపెట్టింది. కొవ్వు పూసిన పిండిని రెండు చేతులా పట్టుకుని బల్ల పొడవునా సాగదీయాలి. చిరగకూడదు. కింద ఉన్న చెక్క కనపడేంత పల్చబడాలి. తర్వాత దాన్ని చాపలా చుట్టి, ముక్కలు తుంచి, బొటనవేలితో గుంట చేసి జున్నో బఠాణీ ముద్దో కూరితే పస్తిత్సీ అవుతుంది. జున్ను పస్తిత్సీలకు రెండు చివరలా మొన తేలాలి, బఠాణీవాటికి గుండ్రంగా నోరు మూయాలి. ముప్ఫై ఏళ్ళ అలవాటు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే ఆమె పెదాలు మూసుకుని, ముక్కుతోనే స్వరాలు పలికిస్తోంది. కింది మెట్టు నుంచి పైకి, పైనుంచి కిందికి.

ఆమెకు యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. మోచేతుల దాకా పొయ్యి అంచు తగిలి కాలిన మచ్చలు, కొత్తవి ఎర్రగా, పాతవి తెల్లగా ఉన్నాయి. నుదుటి మీద జుట్టు వల చేసిన గీత. ఆ ఒంట్లో చెప్పుకోదగ్గది ఒక్కటే. ఊపిరి తీసుకున్నప్పుడు వీపు తలుపు తెరుచుకున్నట్టు వెడల్పవుతుంది.

“పాడితే పాడావు గానీ జున్నులో తుంపర్లు పడనీకు,” అన్నాడు కొట్టు యజమాని విస్తిన్.

“పడితే నీ జున్నుకి కాస్త రుచొస్తుందిలే.”

టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ పోస్ట్‌మాన్ నవ్వాడు. “సాయంత్రం టీవీలో కనబడతావటగా? విస్తిన్ ఊరంతా చాటేశాడు.”

“కనబడతాను. కళ్ళజోడు తుడుచుకుని కూర్చో.”

“పోయినసారీ ఇలాగే చెప్పాడు. మూడు నిమిషాలు కళ్ళు చించుకుని చూస్తే మోచెయ్యి కనబడింది.”

“ఆ మోచెయ్యి ఆవిడదే!” విస్తిన్ బల్ల గుద్దాడు. “దాని మీద మచ్చ నా పొయ్యిది. నేను పోల్చలేనా?”

హమ్రూన్‌లో ఆ సంగతి కొట్టుకొచ్చేవాళ్ళందరికీ తెలుసు. మిగతా మాల్టాలో ఎవరికీ తెలియదు. యూరప్ పాటల పోటీలో ఒక్కో దేశం తరఫున వేదిక మీద ఆరుగురికి మించి ఉండకూడదు. పాడే పిల్ల ఒకతి, డాన్సర్లు నలుగురు. ఆరో మనిషి పక్కన నల్ల తెర చాటున, నల్ల బట్టల్లో, మైకు పట్టుకుని నిలబడాలి. ఆ ఆరో మనిషి ఏడుసార్లు మార్తీసే. ఏడు దేశాలు తిరిగింది. ఒక్క దేశంలోనూ వేదికను ఎదుటి నుంచి చూడలేదు. అందమైన పిల్లలు చేతులు చాచి నోరు తెరిచేవాళ్ళు, వాళ్ళకు అందని పై స్వరం తెర చాటు నుంచి వచ్చేది. దీవి దీవంతా లేచి ఆ పిల్లలకు చప్పట్లు కొట్టేది.

ఈసారి అలా కాదు. ఈసారి పాట జోర్డానాది. తొమ్మిదేళ్ళప్పుడు ముక్కు చీదుకుంటూ మార్తీస్ వంటింటికి పాఠానికి వచ్చిన పిల్ల. ఇప్పుడు ఇరవై రెండు. పాట చివర ఒక స్వరం ఉంది. ఊపిరి మార్చకుండా పదకొండు సెకన్లు నిలపాలి. జోర్డానా ఆరో సెకనుకే తెగిపోతుంది. అందుకని సంగీత దర్శకుడు సిల్వాన్ ఒక ఉపాయం చెప్పాడు. ఆ స్వరం దగ్గర మార్తీస్ తెర చాటు నుంచి వెలుగులోకి నడిచి రావాలి. గురువూ శిష్యురాలూ పక్కపక్కన నిలబడి పాడాలి. “ఇరవై ఏళ్ళు దాచాం నిన్ను. ఇక చాలు,” అన్నాడు. ఆ మాట మూడు నెలలుగా ఆమె లోపల పొయ్యిలా మండుతోంది.

సాయంత్రమే దేశంలో ఎంపిక. గెలిచిన పాట మే నెలలో బయటి దేశం వెళుతుంది.

మధ్యాహ్నం రిహార్సల్‌కి మార్తీస్ గంట ముందే హాలుకు చేరింది. ఎవరు ఎక్కడ నిలబడాలో వేదిక మీద టేపు ముక్కలతో గుర్తులు అంటించారు. ఆరో గుర్తు మీద ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఒంటికి వెండి పూత, చేతిలో వెండి రిబ్బను.

“బాబూ, అది నా చోటు.”

“నాకిక్కడే నిలబడమన్నారండీ.”

సిల్వాన్ పరుగున వచ్చాడు. “మార్తీస్! అప్పుడే వచ్చేశావా? ఫోన్ చేద్దామనే అనుకుంటున్నా.”

“ఈ అబ్బాయి ఎవరు?”

“డాన్సు మార్చారు. బయటి నుంచి పిలిపించినావిడ ఐదో డాన్సరు లేకపోతే ఫ్రేము నిండదంటోంది.”

“మరి నేనో?”

“నిబంధన మారిందిగా! మహమ్మారి తర్వాత వెనక గాత్రం టేపులో పెట్టుకోవచ్చన్నారు. నీ గొంతు వస్తుంది. నువ్వు రానక్కర్లేదు.” వరమిచ్చినట్టు చెప్పాడు. “హాయిగా ఇంట్లో కూర్చుని విను.”

“వెనక గాత్రం సరే. చివరి స్వరం సంగతేంటి? అది ముందు గొంతు. అది వేదిక మీదే పాడాలి.”

సిల్వాన్ చెవి గోక్కున్నాడు. ఆలోపే పాట మొదలైంది. డాన్సర్లు ఐదుగురూ గిరగిరా తిరిగారు. చివరికి జోర్డానా చేతులు చాచి, మెడ వెనక్కి వంచి, నోరు తెరిచింది.

స్వరం వచ్చింది. పదకొండు సెకన్లు. నిండుగా, నిటారుగా. ఏడో సెకను దగ్గర ఇసుకరేణువంత గరుకు ఒకటి తగిలి మళ్ళీ నునుపైంది. ఆ గరుకు ఎవరిదో మార్తీస్‌కు తెలుసు. ముప్ఫై ఏళ్ళు పిండి పీల్చిన గొంతుకే అది ఉంటుంది.

పోయిన గురువారం స్టూడియోలో, వెనక గాత్రం అంతా అయిపోయాక, జోర్డానా ఇంట్లో సాధన చేసుకుంటుందని ఆ ముక్క మార్తీసే పాడి ఇచ్చింది. తన పిల్లలందరికీ ఆమె అలాగే చేస్తుంది. ముందు తాను పాడి రికార్డు చేసి ఇస్తుంది. వాళ్ళు దాన్ని పట్టుకుని నడుస్తారు. కాళ్ళు గట్టిపడ్డాక చెరిపేస్తారు. పసిపిల్ల నడకబండిలాంటిది. ఆ నడకబండిని వీళ్ళు పందెంలోకి దింపారు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

“చెరిపేయ్.”

“మార్తీస్, కాస్త ఆగు...”

“నా గొంతు. చెరిపేయ్ అంటున్నా.”

“ఇప్పుడది నీ గొంతు కాదు, దేశం గొంతు. మనం ఒక్కసారైనా గెలిచామా? ఒక్కసారి! ఈ ఏడు ఆ అవకాశం ఉంది. ఆ స్వరంతోనే ఉంది.”

“మరి ఆ గొంతున్న మనిషి?”

“చూసేవాళ్ళకి కావలసింది...” సిల్వాన్ కళ్ళు ఆమె నుదుటి గీత మీద, చేతుల మచ్చల మీద, నడుము మీద తిరిగి నేల మీదికి దిగాయి.

“చెప్పు. పూర్తి చెయ్. పొట్టిది, లావుది, జున్ను కూరేది. అంతేగా?”

“నేనలా అనలేదు.”

“అనే ధైర్యం కూడా లేదు నీకు.”

నడవా చివరి గదిలో నిబంధనలు చూసే పెద్దమనిషి ఉన్నాడు. మార్తీస్ తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళి సంగతంతా చెప్పింది. అతను మర్యాదగా విన్నాడు. ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

“టేపులో ఉన్నదంతా వెనక గాత్రమేనని రాసి ఉందమ్మా. కింద సంతకం మీదేనా?”

గురువారమే పెట్టింది. కళ్ళజోడు కొట్లో మర్చిపోయి, బస్సు తప్పిపోతుందన్న తొందరలో.

“నాదే. కానీ మీకు చెవులున్నాయిగా! వచ్చి వినండి.”

“నా పని కాగితాలు చూడటం.”

బయట గోడకు ఆనుకుని జోర్డానా నిలబడి ఉంది. ఒక కంటికే దొంగ రెప్పవెంట్రుకలు అంటించారు. రెండో కన్ను పాత పిల్లదే.

“మిస్...”

“నీకు తెలుసా?”

“నిన్న తెలిసింది.”

“నిన్న నీ ఫోను పనిచెయ్యలేదా?”

“గొడవ చెయ్యకండి మిస్. నన్ను తీసేస్తారు. ఇప్పుడు నాకు ఏడు సెకన్లు వస్తున్నాయి. మే నాటికి మొత్తం నేర్చేసుకుంటా. ఒట్టు.”

“ఇవాళ ఏడే పాడు. తెగితే తెగనీ. అది నీదవుతుంది.”

“నవ్వుతారు మిస్!”

“నవ్వనీ. ఇరవై ఏళ్ళుగా నన్ను చూసి ఒక్కరూ నవ్వలేదు. ఎందుకో తెలుసా? నేను కనబడలేదు గనక.”

జోర్డానా తల వంచుకుంది. ఎవరో పిలిచారు. రెండో రెప్ప కోసం వెళ్ళిపోయింది.

సాయంత్రం హమ్రూన్ బ్యాండుమేళం క్లబ్బు నిండిపోయింది. గోడ మీద ఊరి పునీతుడి పటం, దాని పక్కనే పెద్ద టీవీ. విస్తిన్ ముందు వరుసలో కుర్చీ వేసుకుని పోస్ట్‌మాన్‌తో పందెం కాస్తున్నాడు. మార్తీస్ లోపలికి రావడం చూసి గుడ్లు తేలేశాడు.

“ఇదేంటి, నువ్విక్కడున్నావేం?”

“నా గొంతు అక్కడుంది. నన్ను మాత్రం ఇంటికి పొమ్మన్నారు.”

“అంటే ఈసారి మోచెయ్యి కూడా లేదా?” అన్నాడు పోస్ట్‌మాన్. పక్కనున్నవాళ్ళు గొల్లుమన్నారు. మార్తీస్ నవ్వలేదు. వెనక గోడ దగ్గర చలువరాతి బల్ల ముందు కూర్చుంది. ఎవరో టీ గ్లాసు తెచ్చిపెట్టారు.

జోర్డానా పాట తొమ్మిదోది. రెండు కళ్ళకూ రెప్పలు, ఒంటి మీద వెండి, చుట్టూ ఐదుగురు. మార్తీస్ పిడికిళ్ళు బిగించి చూసింది. ఆ పిల్ల నోటి లోపల ఏం జరుగుతోందో ఆమె ఒక్కతే చదవగలదు. చివరి చరణం అయింది. చేతులు చాచింది. మెడ వంగింది. కానీ గొంతు నరం బిగుసుకోలేదు. పక్కటెముకలు కదల్లేదు.

పిల్ల పాడటం లేదు.

టీవీలోంచి మార్తీస్ స్వరం వచ్చింది. క్లబ్బు క్లబ్బంతా లేచి నిలబడింది. మార్తీస్ కూడా లేచింది. వీపు వెడల్పైంది. నోరు తెరిచింది.

అదే స్వరం, అదే ఎత్తు. ఇక్కడ మైకు లేదు, తెర లేదు. పొద్దుట నుంచి లోపల ఉడుకుతున్నదంతా ఆ ఒక్క స్వరంలోకి ఎక్కింది. కౌంటరు మీద గ్లాసులు గలగలమన్నాయి. నాలుగో సెకనుకి తలలు తిరిగాయి.

“ష్! ఎవరది?”

“ఏయ్ ముసలమ్మా, నోరు మూయ్! పిల్ల పాడుతోంది!”

“కాస్త వినబడనివ్వమ్మా తల్లీ!”

ఏడో సెకను దగ్గర టీవీలోని గొంతుకు గరుకు తగిలింది. ఈ గొంతుకు తగల్లేదు. పదకొండో సెకనుకి టేపు ఆగింది. మార్తీస్ ఆగలేదు. టీవీలో హాలు హోరెత్తింది. క్లబ్బులో చప్పట్లు, ఈలలు, “జోర్డానా! జోర్డానా!” అన్న కేకలు. వాటన్నిటి కింద ఆమె స్వరం పద్నాలుగు, పదిహేను, పదహారు దాకా నడిచి, తనంతట తాను ఆగింది.

ఆ గోలలో విస్తిన్ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. జనాన్ని తోసుకుని వచ్చాడు.

“అదీ నువ్వే. రెండూ నువ్వే కదూ?”

“ఒకటి దొంగసొత్తు,” అంది మార్తీస్.

ఓట్లలో జోర్డానా గెలిచింది. వీధిలో టపాసులు పేలాయి. పోస్ట్‌మాన్ కుర్చీ ఎక్కి ఈల వేశాడు. మార్తీస్ ఫోను మోగింది. సిల్వాన్. వెనక పెద్ద గోల.

“గెలిచాం మార్తీస్! అందరూ ఆ స్వరం గురించే! రేపు పదింటికి స్టూడియోకి వచ్చెయ్. మే నెల వేదిక కోసం పాటను ఒక మెట్టు పైకెత్తుతున్నాం. మిషన్‌తో ఎత్తి చూశాం, పిల్లి అరిచినట్టుంది. నువ్వు మళ్ళీ పాడాలి.”

శ్రుతి మారితే పాత టేపు చిత్తుకాగితం. ఆ సంగతి సిల్వాన్ నోట్లోంచి మాట పూర్తికాక ముందే ఆమెకు అర్థమైంది.

“వేదిక మీద నేనెక్కడ నిలబడాలి?”

“మళ్ళీ అదే పాటా? ఆరుగురే ఉండాలని చెప్పానుగా!”

“అయితే ఆ వెండి కుర్రాణ్ణి పాడమను.”

“ఇదేం మొండితనం? నువ్వు లేకపోతే ఈ పాటే లేదు!”

“ఆ మాట మధ్యాహ్నం అని ఉండాల్సింది. జోర్డానాకి ఏడు సెకన్లు వస్తాయి. అక్కడికి కోసుకోండి.”

“ఆ పిల్లకి గురువువి! దాని బతుకు నీ చేతిలో ఉంది!”

“గురువుని గనకే చెబుతున్నా. దాన్ని పాడనీ.”

ఫోను బల్ల మీద పెట్టేసింది. టీ చివరి గుక్క తాగి, కోటు వేసుకుని, బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది. టీవీలో గెలిచిన పాట మళ్ళీ వేస్తున్నారు. అందరి వీపులూ ఇటే ఉన్నాయి. ఆ వీపుల పక్క నుంచి ఆమె బయటికి నడిచింది. వీధి నిండా టపాసుల పొగ. అటు తర్వాత మార్తీస్ ఏ మైకు ముందూ నిలబడలేదు.

మే నెలలో పెద్ద వేదిక మీద జోర్డానా ఒక్కతే పాడింది. చివరి స్వరం వణికింది. మాల్టా తొలి వడపోతలోనే ఇంటికొచ్చింది. పత్రికలు ఆ వణుకు మీద జోకులు వేశాయి. పస్తిత్సీ కొట్లో పోస్ట్‌మాన్ ఆ జోకులు చదివి వినిపిస్తే మార్తీస్ పిండి లాగుతూనే, “ఎనిమిది సెకన్లు నిలిపింది. నేను లెక్కపెట్టాను,” అంది.

కానీ ఆ సాయంత్రం క్లబ్బులో ఎవరికీ ఇవేవీ తెలియవు. టీవీలో పిల్ల మళ్ళీ చేతులు చాచింది, జనం మళ్ళీ లేచారు. వెనక గోడ దగ్గర చలువరాతి బల్ల మీద ఆమె వదిలేసిన ఫోను సిల్వాన్ పేరుతో వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. వణుకుతూ అంగుళం అంగుళం జరిగి ఖాళీ టీ గ్లాసుకు తగిలి, గాజు మీద సన్నగా మోగుతూ ఉండిపోయింది.