బల్ల మీది జెండా

గడియారం స్టైన్‌గ్రిమ్ పక్క కొట్టుకుంటూనే ఉంది. అతను మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

తెల్ల పావులు అతనివి, మొదటి ఎత్తు అతనే వేయాలి. ఈ చదరంగం పోటీలో ఎవరి గడియారం వారిదే. ఎవరి వంతు వస్తే వాళ్ళ గడియారం తిరుగుతుంది. నలభై ఎత్తులు పూర్తికాకుండా ఇచ్చిన సమయం అయిపోయిందా, ఆట ఎంత బాగున్నా ఓడినట్టే. ఆ సంగతి హాంబర్గులో ఆ హాలు ఊడ్చేవాళ్ళకి కూడా తెలుసు. ఐస్‌లాండ్‌లో, రేక్యవిక్ తంతి ఆఫీసులో నిమిషాలతో కాపురం చేసే స్టైన్‌గ్రిమ్‌కి తెలియదా?

తెలుసు. కానీ బల్ల మీద రెండు బుల్లి జెండాలున్నాయి. రెండూ ఎర్రవే, రెండింటి మీదా తెల్ల శిలువే. అంటే రెండూ డెన్మార్క్‌వే.

"ఇదేమిటండీ?" అని హాలు పర్యవేక్షకుణ్ణి పిలిచి అడిగాడు.

"మీ రెండు జట్లకీ రాజు ఒక్కడే కదా," అన్నాడాయన, తప్పేమీ లేనట్టు. "జెండా కూడా ఒకటే అనుకున్నాం."

"రాజు ఒక్కడే. దేశాలు రెండు. మాది వేరే దేశమై పన్నెండేళ్ళయింది. ఇంకా మీ చెవిన పడలేదా?"

"ఐస్‌లాండ్ జెండా మా దగ్గర లేదు. రేపటికి కుట్టిస్తాం."

"అయితే మొదటి ఎత్తు రేపే వేస్తాను."

"గడియారం ఆగదండీ!"

"నేనేమన్నా ఆపమన్నానా?"

ఎదురుగా కూర్చున్న డెన్మార్క్ ఆటగాడు లోరిట్సెన్ చుట్ట వెలిగించుకున్నాడు. కోపెన్‌హాగెన్‌లో పేరున్న వకీలు, మర్యాదస్తుడు. ఆ మర్యాదే స్టైన్‌గ్రిమ్‌కి ఎక్కువ మంట పుట్టించింది.

"మా జెండా మీకంత చేదా?"

"అబ్బే, చాలా అందమైన జెండా. అందుకే రెండూ మీరే ఉంచుకోండి," అంటూ స్టైన్‌గ్రిమ్ తన పక్కనున్న జెండాని వేలితో అవతలికి నెట్టాడు.

తాడు అవతల నిలబడి చూస్తున్న ఒకావిడ పక్కావిణ్ణి అడిగింది: "డెన్మార్క్ వాళ్ళతో డెన్మార్క్ వాళ్ళే ఆడుతున్నారేమిటే?" చుట్టూ నలుగురు నవ్వారు. స్టైన్‌గ్రిమ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ నవ్వుతో అతని మొండితనం రెట్టింపయింది.

పక్కబల్ల మీద ఆడుతున్న జట్టు నాయకుడు ఎయోల్ఫ్ లేచి వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి, ఈ జట్టుని ఇక్కడిదాకా తీసుకురావడానికి కనపడ్డ గడపల్లా ఎక్కి దిగాడు.

"నాయనా, నీకు దణ్ణం పెడతాను. ఒక్క బంటు జరుపు. పోట్లాట తర్వాత పెట్టుకుందాం."

"తర్వాత పోట్లాడితే ఎవరు వింటారండీ?"

"పోనీ, ఆ జెండా తీసేయిస్తాను. ఏ జెండా లేకుండా ఆడు."

"వాళ్ళకి జెండా ఉండి మనకి లేకపోతే మనమెవరం? వాళ్ళ పాలేర్లమా?"

"మన ఊళ్ళో పత్రికాఫీసు కిటికీకి ఫలితం అంటిస్తారు. జనం ఎదురుచూస్తూ ఉంటారు. మనవాళ్ళు ఇలాంటి పోటీకి రావడం ఇదే మొదలు, అది కూడా డెన్మార్క్ మీద! ఈ ఆట పోగొట్టావో, రేపట్నుంచి నీ కుర్చీ ఆస్‌బ్యోర్న్‌ది. తర్వాత నన్ననుకోకు!"

"అలాగే కానివ్వండి."

అదనపు ఆటగాడు ఆస్‌బ్యోర్న్ ఇదంతా వెనకే నిలబడి విన్నాడు. కుర్చీ దొరుకుతుందని సంబరపడొచ్చు కదా? పడలేదు. "మన దేశం చేపల ఓడ ఒకటి ఇంకా రేవులోనే ఉంది," అని టోపీ లాక్కుని పరుగెత్తాడు.

అతను తిరిగొచ్చేసరికి స్టైన్‌గ్రిమ్ సమయంలో ముప్పాతిక వంతు కరిగిపోయింది. ఆస్‌బ్యోర్న్ చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. చంకలో ఓ పెద్ద మూట.

"ఒరేయ్, ఇంతకంటే చిన్నది దొరకలేదా?"

"ఓడకి చిన్న జెండా ఎందుకుంటుందిరా? ఆ కెప్టెన్ నన్ను తిడుతూనే విప్పి ఇచ్చాడు. కప్పుకో!"

మూట విప్పితే నీలం జెండా, తెల్ల అంచుతో ఎర్ర శిలువ, దుప్పటంత ఉంది. హాలంతా చేపల వాసన కొట్టింది. నవ్విన ఆడవాళ్ళు ముక్కులకు రుమాళ్ళు అడ్డుపెట్టుకున్నారు. దాన్ని కుర్చీ వీపు మీద పరిస్తే అంచులు నేల మీద జీరాడాయి.

"ఇది... నిబంధనల ప్రకారం..." అన్నాడు పర్యవేక్షకుడు.

"ప్రతి జట్టుకీ జెండా ఉండాలన్నది మీ నిబంధనే. ఉంది కదా!" అని స్టైన్‌గ్రిమ్ రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు జరిపాడు.

ఇక చూడాలి ఆ ఆట! ఆలోచించడానికి వ్యవధి లేదు, భయపడడానికి అంతకన్నా లేదు. లోరిట్సెన్ చుట్ట ఆరిపోయింది, మళ్ళీ వెలిగించుకోవడం మరిచిపోయాడు. ముందు ఆ వకీలు గుర్రం ఒకటి పోయింది, తర్వాత మంత్రి పక్కకి తప్పుకోవలసి వచ్చింది. మిగతా మూడు బల్లల లెక్క సమానంగా తేలింది. గెలుపోటములు ఈ బల్ల మీదే ఉన్నాయని తెలిసి జనమంతా ఇటే మూగారు. ఎయోల్ఫ్ గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

నలభయ్యో ఎత్తుకి స్టైన్‌గ్రిమ్ ఏనుగుని పైకెత్తాడు. అది గడిలో దిగేలోగా సమయం అయిపోయింది. పర్యవేక్షకుడు చెయ్యి చాపి, ఇందాక ఆగదన్న ఆ గడియారాన్ని ఆపాడు.

ఏనుగు ఇంకా స్టైన్‌గ్రిమ్ చేతిలోనే ఉంది. బాధ లేదంటే అబద్ధం.

లోరిట్సెన్ బల్లకేసి చూశాడు. "ఇంకో రెండు మూడెత్తుల్లో నేనే చేతులెత్తేసేవాణ్ణి. వేళకి మొదలుపెట్టి ఉంటే మీరే గెలిచేవారు."

"వేళకి మొదలుపెట్టి ఉంటే గెలిచేది డెన్మార్కేనండీ. రెండు జెండాలూ మీవే కదా."

లోరిట్సెన్ రెండో ఎర్రజెండాని తీసి తన జేబులో పెట్టుకుని, లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

ఎయోల్ఫ్ మొహం మాడ్చుకుని కాగితం, పెన్సిలు తెచ్చాడు. "రేపు కుర్చీ ఆస్‌బ్యోర్న్‌దే. నా మాటంటే మాటే."

"వాడి పరుగుకి అది న్యాయమే."

"ఇంటికి తంతి పంపాలి. నీ ఆఫీసువాళ్ళే కదా అందుకునేది, నువ్వే రాసివ్వు. ఏం మొహం పెట్టుకుని రాస్తావో!"

స్టైన్‌గ్రిమ్ రాసిచ్చాడు. ఎయోల్ఫ్ కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు: "ఓడాం. మన జెండా కింద."

"ఒక్క ముక్క చాలదూ? రెండోది దేనికి?"

"అది కొట్టేస్తే మొదటిది కూడా పంపకండి."

ఎయోల్ఫ్ అతన్నీ, చేపల వాసన కొడుతున్న ఆ కుర్చీనీ మార్చి మార్చి చూశాడు. పెన్సిలు జేబులో పెట్టేసుకున్నాడు. కాగితాన్ని ఉన్నదున్నట్టే పట్టుకుని తంతి గది వైపు నడిచాడు.