రెండో స్కాన్

నేల మీద పరిచిన భోజనాల గుడ్డ, దస్తర్‌ఖాన్ చుట్టూ పన్నెండుమంది చుట్టాలు. టీ పళ్ళెం పట్టుకుని లేవబోతే బాల్జాన్ ఎడమ కాలు మాట వినలేదు. పియాలాలు, టీ గిన్నెలన్నీ దొర్లిపోయాయి. "మా కోడలు నడుస్తూనే నిద్రపోతుందమ్మా," అంది అత్త కుల్పాష్. అందరూ నవ్వారు. అలవాటు కొద్దీ బాల్జాన్ కూడా నవ్వింది.

తరాజ్ పట్టణంలో ఆమె లెక్కల టీచరు. బళ్ళో ఆరు పీరియడ్లు నిలబడాలి, ఇంటికొచ్చాక పిండి పిసకాలి. అలసటగా ఉందంటే అత్త, "ఐదుగురు పిల్లల్ని కన్నాను, నాకెప్పుడూ ఆ జబ్బు రాలేదే!" అనేది. భర్త ఎర్కెబులాన్, "ఆ ఫోన్ పక్కన పడెయ్, అదే పోతుంది," అనేవాడు. మూడేళ్ళ క్రితం ఒక కన్ను నెల్లాళ్ళు మసకబారితే స్కాన్ తీయించారు. కాగితాలు అతనే తెచ్చాడు. "ఏం లేదట. నరాల నీరసమట." నిజమేననుకుంది. నిజంగా ఏమీ లేదు, తనకే ఓపిక తక్కువ అనుకుంటూ మూడేళ్ళు తనను తానే తిట్టుకుంది.

ఈసారి బడి మెట్ల మీద పడింది. భర్త గొణుక్కుంటూనే ఆల్మటీ నగరంలోని పెద్దాసుపత్రికి తీసుకొచ్చాడు. స్కాన్ మిషను గొట్టంలో నలభై నిమిషాలు కదలకూడదన్నారు. చెవులు పగిలే చప్పుడు. అయినా ఎవరూ పిలవని నలభై నిమిషాలు పెళ్ళయ్యాక అవే మొదటివని తోచి, ఆమెకు ఏడుపొచ్చింది.

డాక్టరు దానగుల్ తెర మీద రంగురంగుల దారాల్లాంటి బొమ్మ చూపించింది. "ఇవి మెదడులోంచి వెళ్ళే నరాల దారులు. మామూలు స్కాన్‌లో మచ్చలే కనిపిస్తాయి. ఇందులో నరాల వెంట నీటి కదలికను బట్టి దారి ఎంత దెబ్బతిందో అంచనా వేస్తాం. మీ ఎడమ కాలికి కబురందించే దారి ఇదిగో, ఇక్కడ పల్చబడింది. నరాల పైతొడుగును ఒంట్లోని రక్షణ శక్తే తినేస్తోంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారు."

"అంటే నేను సోమరిదాన్ని కాదా?" అంది బాల్జాన్.

డాక్టరు తెర వదిలి ఆమె వైపు తిరిగింది. "ఇంత నష్టంతో ఆరు పీరియడ్లు ఎలా నిలబడ్డారో నాకర్థం కావడంలేదు." పాత ఆసుపత్రి పంపిన కాగితాలు తిరగేసి కనుబొమలు ముడిచింది. "ఆరు నెలల్లో మళ్ళీ స్కాన్ తీయించాలి, ఈ జబ్బేమోనని అనుమానం, అని అప్పుడే రాశారుగా. అప్పుడే మందు మొదలుపెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. మీకెవరూ చెప్పలేదా?"

బాల్జాన్ భర్త వైపు తిరిగింది. అతను టోపీ చేతుల్లో నలుపుతున్నాడు.

"అమ్మ అరవయ్యో పుట్టినరోజు దగ్గరికొచ్చింది. తర్వాత తమ్ముడి పెళ్ళి. నువ్వు పడుకుంటే ఇల్లెవరు చూస్తారు? భయపడతావని కూడా..."

"భయపడింది ఎవరు, నేనా?"

ఆమె అరవలేదు. అరవడానికి ఖర్చుపెట్టే ఓపిక ఇప్పుడు తన కాలికి కావాలి.

"మందు ఎప్పుడు మొదలుపెడతారు, డాక్టరుగారూ?"

"సోమవారం. వారం ఇక్కడే ఉండాలి. పోయినదంతా తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు."

"శనివారం ఇంటికి చుట్టాలొస్తున్నారు," అన్నాడు ఎర్కెబులాన్, గొంతు తగ్గించి.

"పిండి డబ్బాలో ఉంది. మీ అమ్మకు ఈ బొమ్మ చూపించి, ఏం జరిగిందో నువ్వే చెప్పు."

నర్సు ఫారం తెచ్చింది. "రిపోర్టులు ఎవరికివ్వాలి? మీవారి నంబరు రాయమంటారా?"

బాల్జాన్ కలం తనే అందుకుంది. వంకరటింకరగానే అయినా తన నంబరు పూర్తిగా రాసి, కింద ఇంకో వాక్యం చేర్చింది: రోగికి తప్ప మరెవరికీ ఇవ్వరాదు.