పోటునీరు తాగిన వంగతోట

నేను పూతరేకులు చుడుతున్నాను. చుట్టినవి చుట్టినట్టే విప్పుకుంటున్నాయి. తడిగుడ్డ అద్ది, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, అంచులు లోపలికి మడిచి పళ్ళెంలో పెడతాను. చెయ్యి వెనక్కి తీసుకునేలోగా రేకు మెల్లగా తెరుచుకుని మళ్ళీ కాగితంలా పరుచుకుంటుంది. బెల్లం మాత్రం కదలదు.

నూకరత్నం అత్త నా ఎదురుగా పీట మీద కూర్చుంది. మా నాన్న చెల్లెలు. ఆత్రేయపురం పక్క పుట్టిన మనిషి. పెళ్ళయి ఈ సముద్రపు ఒడ్డుకు వచ్చాక కూడా ఆవిడ మడిచిన రేకు ఎన్నడూ విప్పుకోలేదు. ఇవాళ ఆవిడవీ విప్పుకుంటున్నాయి.

"ఇంట్లో ఉప్పు పెరిగిందే కుసుమా, మడత నిలవట్లేదు," అంటుంది.

నిజమే. పొద్దున్న చుట్టి మూల నిలబెట్టిన చాప పరుచుకుని ఉంది. మావయ్య గొడుగు ముడుచుకోవడం లేదు. నాకు మోకాళ్ళు మడిచి కూర్చోవడానికి కాస్త బలం పెట్టాల్సి వస్తోంది.

ఆ ఉప్పు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

మా వంగతోట ఇరవై సెంట్లు. మూడు వైపులా రొయ్యల చెరువులు, నాలుగో వైపు మురుగుకాలవ. కాలవ ఆరు గంటలు సముద్రం వైపు పోతుంది, ఆరు గంటలు సముద్రం నుంచి వెనక్కి వస్తుంది. పోయేటప్పుడు తోటకి నీళ్ళు పెట్టుకోవచ్చు. వచ్చేది పోటునీరు, పెట్టకూడదు. ఏ వేళో తెలియనప్పుడు పుడిసెడు నీళ్ళు తీసి నాలుక మీద వేసుకుని చూడాలి. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు.

సోమవారం నేనూ అలాగే చేశాను. కాకపోతే అప్పుడే విరిగిన పూతరేకులు రెండు తిని వెళ్ళాను. నాలుక మీద బెల్లం ఉంది. నీళ్ళు తియ్యగా తగిలాయి. ఇంజను వేసి, తోటంతా తడిపి ఇంటికి వచ్చాను.

మర్నాటికి మొక్కలు తల వాల్చేశాయి. అత్త భర్త తాతబ్బాయి మావయ్య గట్టు మీద నిలబడి చూసి, మీ అత్త అలిగినా ఇంతలా తల వాల్చదే అన్నాడు. తర్వాత నవ్వడం ఆపి మట్టి చేతిలోకి తీసుకున్నాడు. చెరువుల ఉప్పు ఊరి ఊరి నేల చౌడెక్కిపోయిందని తేల్చేశాడు. తోటను కూడా చెరువు చేయడానికి ఇచ్చేస్తానని పక్క చెరువులవాళ్ళకి కబురు పంపాడు. గురువారం కాగితం మీద సంతకం పెట్టాలి, పొక్లెయిను వచ్చి తవ్వాలి. పూత మీదున్న మొక్కలు కదా అని అత్త ఒక్కసారే అడిగింది. నేల చచ్చాక మొక్కను నిలబెట్టడమంటే శవానికి తల దువ్వడమే అన్నాడు మావయ్య. ఆ మాట అన్నాక ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

ఇవాళ గురువారం.

పెరటి గుమ్మంలోంచి వాళ్ళు వస్తారు. మెట్ల దగ్గర బొటనవేలంత ఉంటారు, గడప దాటేసరికి మా ఎత్తు అవుతారు. మా వంగమొక్కల లోపల పనిచేసేవాళ్ళు. ఎనిమిదో తరగతిలో సైన్సు మాస్టారు వాళ్ళని మాంసకృత్తులు అని చెప్పి బోర్డు మీద బొమ్మ గీశారు. బొమ్మలో ఒద్దికగా చుట్టుకున్న దారపుండల్లా ఉండేవారు. ఇప్పుడు చాలామంది విప్పుకుపోయి ఉన్నారు. ఒకరి కొస ఇంకొకరి కాలికి చుట్టుకుంటోంది. అందరూ పట్టడానికి మా నడవ పొడుగవుతుంది. చివరి కిటికీ ఇప్పుడు బియ్యపుగింజంత కనిపిస్తోంది.

ముందు నిలబడ్డావిడ మడత మాత్రం చెడలేదు. చేతిలో చేట ఉంది. వేరు దగ్గర గుమ్మం కాసే మనిషినని చెబుతుంది. లోపలికి దూరిన ఉప్పును చేటతో బయటికి ఎత్తిపోయడం ఆవిడ పని. ఆ మాట చెబుతూనే మా వంటింట్లో ఉప్పు రెండు చేటలు ఎత్తి పెరట్లో పోసి వస్తుంది.

అత్త మంచినీళ్ళు ఇస్తుంది. ఆవిడ సగం తాగి, మిగతా సగం కొంగున ముడి వేసుకుంటుంది. నీళ్ళు ముడిలో నిలుస్తాయి.

"మడతుంటేనే మాకు పనండి," అంటుంది ఆవిడ. "ఏ మడతకి ఆ పని. మడత పోతే మడిసుండీ లేనట్టేనండి. మీ సెయ్యి మంచిదని ఆకుల్లో సెప్పుకుంటన్నారు."

"రేకులైతే మడుత్తాను గానీ, మడుసుల్నెప్పుడూ మడవలేదమ్మా," అంటుంది అత్త.

"రేకులైతే ఇరుగుతాయండి. మేం ఇరగం."

అత్తకు ఆ మాట సబబుగా తోస్తుంది. తడిగుడ్డ పిండుకుని పీట ముందుకు జరుపుకుంటుంది.

ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. ఎక్కడ వంగాలో, ఎక్కడ తిరగాలో వాళ్ళ ఒంటికి కొద్దిగా గుర్తుంది. అత్త ఆ గుర్తు దొరికేదాకా వేళ్ళతో తడుముతుంది, అక్కడ మడుస్తుంది. నేను విప్పుకోకుండా పట్టుకుంటాను. మడత నిలవగానే వాళ్ళు లేచి, చీర సర్దుకున్నవాళ్ళలా ఒళ్ళు దులుపుకుని తోటకి వెళ్ళిపోతారు.

మరీ చిక్కుపడిపోయినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళని గుమ్మం కాసే ఆవిడ తీసుకుపోయి, పూసలు పూసలుగా విడదీసి బుట్టలో వేస్తుంది. వాళ్ళు ఏడవరు. ఆ పూసలతో రేపు వేరే మనుషుల్ని గుచ్చుతారట.

మూల ఒక పెద్దమనిషి ఊరికే కూర్చుని ఉన్నాడు. ఎండను అన్నంగా వండడం ఆయన పని. ఉప్పు దిగేదాకా వంట తగ్గించమన్నారట, పెరగడం ఆపేశారట, ఈ నాలుగు రోజులూ బతకడం ఒక్కటే పనట. ఆయన సిగ్గుతో తల ఎత్తడు. అత్త ఆయన ముందు పెరుగన్నం పెట్టి, పని లేని రోజు ఆకలి ఉండదా అంటుంది. ఆయన తింటాడు.

గట్టు మీద పొక్లెయిను చప్పుడు వినిపిస్తుంది. మావయ్య కాగితం పట్టుకుని వీధి గుమ్మంలోంచి లోపలికి వస్తాడు. పెన్ను కోసం వచ్చాడు. నడవలో కూర్చున్నవాళ్ళని తొక్కకుండా, కాళ్ళు జరుపుకోండి బాబూ అంటూ, చాలాసేపు నడిచి మా దగ్గరికి చేరతాడు. చేట పట్టుకున్న ఆవిడని చూసి నిలబడిపోతాడు.

"ఎన్నాళ్ళని ఎత్తిపోత్తావమ్మా," అంటాడు. "నేలే సచ్చిపోతే."

ఆవిడ ఉప్పు ఎత్తుతూనే జవాబు చెబుతుంది.

"నేల్లో ఊరే ఉప్పయితే నా వల్ల కాదండి. అది రోజూ వత్తాది. ఒక్కనాటి నీరయితే పోసేత్తాను, ఇంకో సెయ్యి తోడుంటే. ఏదన్నది నీళ్ళెట్టినోళ్ళకే తెల్సుద్దండి."

నావైపు చూడదు. ఆకుల్లోవాళ్ళు ఎవరూ నావైపు చూడరు. నన్ను కాపాడాలనుకుంటున్నారని నాకు అర్థమవుతుంది. నా వల్ల ఒళ్ళు విప్పుకుపోయినవాళ్ళు వీళ్ళు.

మావయ్య పెన్ను అందుకుంటాడు. చెబితే ఆయన ఏమంటాడో నాకు తెలుసు. నీళ్ళ రుచి తెలియని పిల్ల అంటే ఇక్కడ అంతకంటే చిన్నబుచ్చే మాట లేదు. పదో తరగతి అయినప్పటినుంచీ ఈ ఇంట్లో ఉంటున్నాను, తోట నీళ్ళు నా చేతికే వదిలేశారు. ఇక వదలరు.

"సోమవారం నేను పెట్టింది పోటునీరు మావయ్యా," అంటాను. "నోట్లో బెల్లం ఉంది. నేల బాగానే ఉంది."

అత్త చేతులు ఆగుతాయి. తర్వాత మళ్ళీ మడవడం మొదలుపెడతాయి, ఇంకాస్త నెమ్మదిగా. తల ఎత్తకుండానే తన మోకాలు జరిపి నా మోకాలికి ఆనిస్తుంది.

మావయ్య నన్ను చూస్తాడు. నాలుక మీద ఏదో మాట ఉంది, దాని రుచి చూస్తున్నట్టుగా దవడ కదుపుతాడు. మింగేస్తాడు. కాగితాన్ని పళ్ళెంలో రేకుల మీద పెడతాడు. గోడకున్న మా చేట తీసి చంకలో పెట్టుకుంటాడు. పెరటి గుమ్మం దాటి వెళ్ళిపోతాడు.

మెట్ల మీద ఆయన నా భుజం ఎత్తు ఉంటాడు. తులసికోట దాటేసరికి మోకాలంత, గట్టు ఎక్కేసరికి బొటనవేలంత. చెప్పులు గట్టు మీదే విడుస్తాడు. అవి మాత్రం చిన్నవి కావు. మొదటి వంగమొక్క మొదలు దగ్గర ఆవగింజంత మనిషి వంగి, చేట అడ్డంగా తిప్పుకుని, వేరులోకి వెళ్ళిపోతాడు.

పొక్లెయిను డ్రైవరు సంతకం పెట్టే మనిషి ఏడని అడుగుతాడు. పనిలోకి వెళ్ళాడని చెబుతాను. ఎప్పుడు వస్తాడంటే ఉప్పు అయ్యాక అంటాను. అతను ఇంజను ఆపి, చెప్పుల పక్కన కూర్చుంటాడు.

మొక్క పక్కన తెల్లగా ఒక చేటెడు పడుతుంది. ఇంకో చేటెడు. కుప్ప డ్రైవరు మోకాలి దాకా, భుజం దాకా, పొక్లెయిను చెయ్యి దాకా లేస్తుంది. మొక్కలు ఇంకా తల వాల్చే ఉన్నాయి. ఉప్పుకుప్ప మీద పడుతున్న వాటి నీడలు మాత్రం నిటారుగా లేచి నిలబడ్డాయి. అందులో ఒక నీడ ఊదారంగు పువ్వు పూస్తోంది. ఒక తేనెటీగ వచ్చి దాని మీద వాలుతుంది, బరువుకి ఉప్పు కాస్త జారుతుంది.