శోకానికి బీటు

ధనుంజయ్ కొత్త ఆల్బం ఎలా ఉందో చెప్పమని బోధన్ నుంచి బాసర దాకా ఉన్న కుర్రకారంతా నా ప్రాణం తీశారు. చెప్పాను. చెప్పినందుకు తిట్టారు. అప్పుడు సగమే చెప్పాను కాబట్టి ఇప్పుడు మొత్తం చెప్తాను. తిట్టాలనుకునేవాళ్లు విన్నాక తీరిగ్గా తిట్టుకోవచ్చు.

నా పేరు శిరీష. మా ఇల్లు బోధన్‌లో రాకాసిపేట. నిజామాబాద్‌లో పీజీ చదువుతూ, నా దోస్తు అంకితతో కలిసి యూట్యూబులో ఒక చానల్ నడుపుతున్నాను. తెలుగు ర్యాప్ ఏది వచ్చినా ఇద్దరం కెమెరా ముందు కూర్చుని, లైవ్‌లో మొదటిసారి వింటాం. ముందే విని, తర్వాత కళ్లు పెద్దవి చేసి ఆశ్చర్యం నటించే బాపతు కాదు మేము. మా చానల్‌కు ఉన్న పరువంతా అదే.

ధనుంజయ్ ఎవరో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కోటగిరి పిల్లగాడు. బోధన్‌లో ఇంటర్ చదివేటప్పుడు మా గల్లీలోనే కిరాయికి ఉండేవాడు. చెరుకు బండ్ల మీద, ఎండిన కాలువ మీద, మన మాటలోనే ర్యాప్ కట్టి పాడితే, "గిదేం భాష, గిదేం ర్యాప్" అని హైదరాబాద్ వాళ్లు నవ్వారు. వాళ్లతో రోజుల తరబడి కొట్లాడింది నేను. అతని మొదటి పాటకు వీడియో తీసింది మా డాబా మీద. అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం మేము. మా అవ్వ ముత్తవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే, "ధనూ, బువ్వ తిన్నవా బిడ్డా" అని రోజూ అడిగేది. తిన్నానంటే కూడా పెట్టేది. నేను అతన్ని అన్నా అని పిలిచి ఏటా రాఖీ కట్టేదాన్ని.

కిందటేడు వానాకాలంలో మా బాపు లింబయ్య చనిపోయాడు. చక్కెర మిల్లు మూతపడ్డాక ఆయన ఒక రైసుమిల్లులో రాత్రి వాచ్‌మన్‌గా చేరాడు. పొద్దున డ్యూటీ దిగి సైకిల్ తీయబోతూ అక్కడే కూలబడ్డాడు. ఆ రోజు ధనుంజయ్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. పాడె మోశాడు. అందుకు అతని మీద నాకున్న ప్రేమ రెట్టింపయింది.

మా దగ్గర చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు, శోకం పెట్టి ఏడుస్తారు. పోయినవాళ్లతో మాట్లాడుతున్నట్టు మాటలు కడతారు. ఆ మాటలు ముందు ఎవరూ అనుకుని ఉంచరు, తర్వాత ఎవరూ తిరిగి అనరు. ఆడుకుంటూ చిన్నపిల్లలు శోకం పెడితే వీపు పగులుతుంది. ఇంట్లో శవం లేకుండా శోకం పెడితే శవాన్ని పిలిచినట్టే అంటారు. ఇంకోటి కూడా ఉంది. శోకం చెవిన పడిందంటే చేతిలో పని చేతిలోనే వదిలి లేవాలి. పెళ్లికి పిలిస్తేనే పోవాలి గానీ చావుకు పిలుపెవడిస్తాడు?

మా అవ్వ ఆ రోజు బాపు కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చిన ఏడుపులో ఒక మాట నాకు బాగా గుర్తుండిపోయింది. "తలుపు దగ్గరికేసిన, గొళ్లెం వెట్టలే. ఎప్పటి తీర్గ వస్తవనుకున్న. ఇగ గొళ్లెం వెట్టుకొని ఎట్ల పండుకోవాలె నేను?" బాపు రాత్రి డ్యూటీకి వెళ్లినన్నాళ్లూ అవ్వ తలుపుకు గొళ్లెం పెట్టలేదు. ఆయన పొద్దున వచ్చి చప్పుడు చేయకుండా తోసుకుని లోపలికి వచ్చేవాడు.

ఈ ఎండాకాలం ధనుంజయ్ కొత్త ఆల్బం వచ్చింది. నేనూ అంకితా లైవ్ పెట్టాం. చూసేవాళ్లు ఎప్పటికంటే ఎక్కువున్నారు. మొదటి పాట బాగుంది. రెండో పాటలో బీటు అదిరింది, అదే మాట అన్నాను. మూడోది కొంచెం హైదరాబాద్ గాలి కొట్టింది, అదీ అన్నాను. నాలుగో పాట మొదలైంది. వాన చప్పుడు, దాని మీద ఒక ఆడగొంతు.

తలుపు దగ్గరికేసిన, గొళ్లెం వెట్టలే.

తర్వాత బాసు దరువు పడింది. గొళ్లెం వెట్టలే, గొళ్లెం వెట్టలే, గొళ్లెం గొళ్లెం గొళ్లెం వెట్టలే. మా అవ్వ గొంతును ముక్కలు కోసి, బీటుకు సరిగ్గా అతికించి, ఆ మధ్యలో తన గొప్పలు తాను పాడుకున్నాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. కామెంట్లలో మాత్రం మంటల బొమ్మలు పడుతున్నాయి. "అక్కకు గూస్‌బంప్స్" అని ఒకడు రాశాడు. అంకిత నా ముఖం చూసి లైవ్ కట్టేసింది.

"ఏమైందే?" అంది.

"గది మా అవ్వనే," అన్నాను.

రెండు రోజుల్లో ఆ పాట ఊరంతా పాకింది. ఆటోల్లో అదే, జిమ్ముల్లో అదే, పెళ్లి బరాత్‌లలో అదే. అభిమానుల లెక్కలో ఈ ఏటికి దీన్ని మించిన హుక్, అంటే నోట్లోంచి పోని పల్లవి, ఇంకోటి లేదు. హైదరాబాద్ నుంచి రాజశేఖర్ అనే విమర్శకుడు నెట్‌లో పెద్ద వ్యాసం రాశాడు. "మూతపడిన మిల్లు గేటే ఆ తలుపు. గొళ్లెం పడని ఆ తలుపు ఒక ప్రాంతం చావనివ్వని ఆశకు ప్రతీక. పేరు తెలియని ఆ జానపద గాయని ఈ ఆల్బంకు ఆత్మ" అన్నాడు. చదివితే ఒళ్లు మండింది. అది మా ఇంటి తలుపు. ఆకుపచ్చ రంగు, కింద చెదలు పట్టింది. ఆ గాయని పేరు ముత్తవ్వ, ఆమె పాట పాడలేదు, మొగుడు పోతే ఏడ్చింది. ఇదే మాట అతనికి రాసి పంపాను. "అద్భుతమైన నేపథ్యం! అమ్మగారితో ఇంటర్వ్యూ కుదురుతుందా?" అని జవాబిచ్చాడు.

నా రివ్యూలో ఒక్క మాటే చెప్పాను. నాలుగో పాట మా ఇంటి శోకం, అడగకుండా తీసుకున్నాడు, అది తీసేసేదాకా ఈ ఆల్బంకు నా దగ్గర మార్కులు లేవు అన్నాను. ఆ పూట నుంచి నేను అందరికీ శత్రువునయ్యాను. "ఫేమస్ కావాల్నా అక్కా?" అన్నారు. "మీ అవ్వ గొంతు దునియా అంతా వింటుంటే ఖుషీ గావాలె గదా" అన్నారు. ధనన్నకు వెన్నుపోటు పొడిచానన్నారు. పొడిచిందెవరో, పొడిపించుకున్నదెవరో ఎవరికీ పట్టలేదు.

వాళ్ల తిట్లు నాకు లెక్క కాదు. నా భయమంతా అవ్వ గురించే. ఆమెది బటన్ ఫోను, పాటలు వినదు. కానీ గల్లీలోకి ఆటో వస్తే ఎలా? ఆటో చప్పుడు కాగానే నేను పరుగున వెళ్లి టీవీ సౌండు పెంచేదాన్ని. "నీకు చెవుడు గిట్ల వచ్చిందా ఏందే?" అని అవ్వ చిరాకు పడేది. బాపు పోయాక ఆమె మెల్లగా మనిషవుతోంది. ఈ మధ్యే నవ్వడం మొదలుపెట్టింది. ఈ పాట ఆమె చెవిన పడకుండా తీయించాలి, అంతే. నాకింకేమీ అక్కర్లేదు.

ధనుంజయ్ నా ఫోన్లు ఎత్తలేదు. అభిమానులు బోధన్‌లో ర్యాలీ పెట్టారని, దానికోసం నిజామాబాద్ వచ్చి హోటల్‌లో దిగాడని తెలిసి అక్కడికి వెళ్లాను. కొత్త చెప్పులు, కొత్త జుట్టు, పక్కన ఇద్దరు ముగ్గురు మనుషులు. నన్ను చూసి నవ్వుతూనే లేచాడు.

"కోపమొచ్చిందంట గదా చెల్లె."

"గా దినం నువ్వు గోడకు ఒరిగి ఫోన్ పట్టుకొని కూసున్నవ్. చుట్టాలకు ఫోన్లు చేస్తున్నవనుకున్న అన్నా. రికార్డు చేసినవా?"

"ఏం చెయ్యాల్నే? గా గొంతు ఇంటుంటే నా రోమాలు నిక్కినయ్. ఆన్నే పోగొట్టుకోబుద్ధి గాలే. బాపుకు నేను చేసిన సలాం అనుకో."

"అడగొద్దా మరి?"

"అడిగితే అవ్వ ఇస్తుండెనా?"

ఎంత తేలిగ్గా అన్నాడో! ఇవ్వదని తెలుసు కాబట్టే అడగలేదు. తెలియక చేశాడేమో అని అప్పటిదాకా నాలో ఏ మూలో ఒక ఆశ ఉండేది, ఆ మాటతో అది పోయింది. ఏటా నేను రాఖీ కట్టిన చెయ్యి ఇదేనా అనిపించింది. ఏడుపు వచ్చింది, అతని ముందు ఏడవకూడదని పళ్లు బిగబట్టుకున్నాను. అతనికి ఏడుపు దొరికితే ఏం చేస్తాడో ఇప్పుడు నాకు తెలుసు.

"పాట తీసెయ్యి," అన్నాను.

"కంపెనీ చేతుల ఉంటది చెల్లె, నా చేతుల లేదు. రేపు ర్యాలీల మాత్రం గా పాట పెట్టనియ్య. సరేనా? రాకాసిపేటల అసలే పెట్టనియ్య."

నమ్మాను. ఇంకేం చేయను?

మర్నాడు సాయంత్రం ర్యాలీ మా గల్లీలోకే వచ్చింది. ధనన్న మొదటి వీడియో తీసిన ఇల్లు చూపించాలని అభిమానుల ముచ్చట. ముందు డప్పులు, తర్వాత పటాకులు, వెనక డీజే బండి. బండి చుట్టూ బంతిపూల దండలు. పైన ధనుంజయ్ నిలబడి ఉన్నాడు, మెడ నిండా పూలు. పిల్లలు ఒకటే అరుపు, "గొళ్లెం! గొళ్లెం!" అని. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు, అది నేను చూశాను. వాళ్లు ఇంకా గట్టిగా అరిచారు. అతను నవ్వి, డీజేవాడి వైపు తలూపాడు. అదీ చూశాను.

మా అవ్వ గొంతు గల్లీ అంతా నిండిపోయింది.

నేను గుమ్మంలోంచి లోపలికి పరుగెత్తేసరికి అవ్వ అప్పటికే లేచింది. చాట కింద పెట్టేసింది, బీడీల్లో నింపే జర్దా నేలంతా ఒలికింది. కొంగు నెత్తి మీదికి లాక్కుంటూ, "ఎవలో వొయిండ్రే శిరీ, శోకం ఇనొస్తుంది," అంది.

"ఎవలు వోలే అవ్వా, పాట గది. నువ్వు కూసో."

"పాటేందే, నెత్తి గిట్ల ఖరాబైందా? డప్పులు ఇనొస్తలేవా?"

నన్ను పక్కకు నెట్టి బయటికి వెళ్లింది. ఇప్పుడు ఆమె కళ్లతో చూడండి. మా దగ్గర శవయాత్ర కూడా ఇలాగే ఉంటుంది. ముందు డప్పులు కొడతారు, పటాకులు కాలుస్తారు, పిల్లలు ఎగురుతారు, వెనక పూలబండి వస్తుంది. పైగా ఆడమనిషి శోకం వినబడుతోంది. బండి మీద ధనుంజయ్ ఉన్నాడు. వాళ్ల అవ్వ భీమవ్వకు షుగరు ఎక్కువై కిందటి నెల ఆస్పత్రిలో చేరిందని మా అవ్వకు తెలుసు. ఇంక ఎవరైనా చెప్పాలా?

ఆమె గుంపును చీల్చుకుంటూ బండి దగ్గరికి పోయింది. "ధనూ! అయ్యో ధనూ! నా బిడ్డా!" అని రెండు చేతులూ చాచింది. అతను ఏమీ అర్థంకాక, అవ్వ వచ్చిందని నవ్వుతూ కిందికి దూకాడు. అవ్వ అతని తలను గుండెకు అదుముకుని శోకం పెట్టింది.

"భీమవ్వా, నా చెల్లె, కొడుకు లగ్గం సూడకపోతివా... ఎవల చేతుల వెట్టి పోతివి వీన్ని... కోటగిరి తొవ్వల నీ ఇల్లు ఎట్ల దాటాలె నేను..."

డీజేవాడు పాట ఆపాడు. గల్లీలో మా అవ్వ గొంతొక్కటే మిగిలింది. ధనుంజయ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అవ్వా, వద్దు! మా అవ్వ బతికే ఉన్నది! బంద్ చెయ్యి అవ్వా, బతికున్న మనిషి మీద శోకం వెట్టకు, కాళ్లు మొక్కుత!" అని విడిపించుకోవడానికి పెనుగులాడాడు. చుట్టూ పిల్లలు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. "తియ్యకుర్రా! తియ్యకుర్రి!" అని వాళ్ల మీద అరిచాడు. వాళ్ల అవ్వ పేరు మీద ఉన్న ఏడుపు కదా మరి.

అవ్వ చేతులు వదిలేసింది. "బతికున్నదా? మరెవలు వోయిండ్రు? శోకం ఇనొచ్చె గదా," అంది. ఆ డీజే పిల్లగాడికి ఏం తోచిందో, ఆంటీకి వినిపిద్దామనుకున్నాడో ఏమో, పాట మళ్లీ పెట్టాడు. తలుపు దగ్గరికేసిన, గొళ్లెం వెట్టలే.

అవ్వ ఈసారి నిలబడి విన్నది. బాసు పడేదాకా విన్నది.

"గిది నా గొంతు," అంది. ధనుంజయ్ తల దించుకున్నాడు. "గది మీ బాపు కోసం ఏడ్సినదిరా. గాయిన ఎంబడే వోయిందనుకున్న. నీ తాన ఉన్నదా?"

తిట్టలేదు, శాపం పెట్టలేదు. వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచింది. అతను, "అవ్వా, జెర ఇను," అంటూ గుమ్మం దాకా వచ్చాడు. ఆ తలుపు నేనే మూశాను.

రాత్రికల్లా ఆ వీడియో కూడా నెట్‌లోకి ఎక్కింది. "ఒరిజినల్ సింగర్ ఎంట్రీ" అని పేరు పెట్టారు. రాజశేఖర్ అయితే దాన్ని వీధి ప్రదర్శన అన్నాడు, ధనుంజయ్ ముందుచూపును మెచ్చుకున్నాడు. ధనుంజయ్ కూడా అది కాదని ఒక్క మాట చెప్పలేదు.

వానాకాలం రాగానే బాపు సంవత్సరీకం చేశాం. ఫోటో ముందు ఆయనకిష్టమైనవన్నీ పెట్టాం. చుట్టాల ఆడవాళ్లంతా చుట్టూ కూర్చున్నారు. వాళ్లు శోకం అందుకున్నారు, ముత్తవ్వ గొంతు కలపాలి, అదీ పద్ధతి. అవ్వ ఫోటో వైపు చూస్తూ నోరు తెరిచింది. తెరిచి ఆగిపోయింది. ఒక్కొక్కరి చేతుల వైపే చూస్తూ వచ్చింది. పెద్దమ్మ చేతులు, చిన్నమ్మ చేతులు, చివరికి నా చేతులు కూడా చూసింది. నా చేతుల్లో ఏమీ లేదు. ఫోను పొద్దున్నే అంకితకిచ్చి పంపేశాను.

"ఏం లేదవ్వా, ఏడ్వు," అని రెండు అరచేతులూ తెరిచి చూపించాను.

ఆమె నోరు మూసుకుని, కొంగు అడ్డం పెట్టుకుంది. బాపు కోసం ఆ రోజు అందరూ ఏడ్చారు, మా అవ్వ తప్ప.