సెక్రటరీగారి జుట్టు

గేటు దగ్గర మొహాలు గుర్తుపట్టే పోలీసు కెమెరా పెట్టించాలన్నది అపార్ట్‌మెంట్ సెక్రటరీగారి ఆలోచనే. చెప్పులు పోతున్నాయని. అందరి ఫోటోలూ ఆయనే పోలీసులకిచ్చాడు. పనివాళ్లని అడగలేదు, ఇళ్లవాళ్లనీ అడగలేదు. తన ఫోటో మాత్రం స్టూడియోలో ముస్తాబు చేయించాడు. స్టూడియో అతను బట్టతల మీద ఒత్తుగా జుట్టు మొలిపించి, గడ్డం కింద వేలాడే కండ తీసేశాడు.

నెల తిరక్కుండా ఎస్సై వచ్చాడు. బజార్లో గొలుసు తెంపినవాడి మొహమూ, ఈ ఫోటోలో మొహమూ ఒకటేనని మెషీన్ చెప్పిందట.

"ఇది మీరేనా సార్?" ఎస్సై ఫోటోనీ బట్టతలనీ మార్చి మార్చి చూశాడు.

అవునంటే సరిపోయేది. కానీ మూడో అంతస్తు పిన్నిగారు మెట్ల మీంచి మెడ చాచింది.

"అబ్బే, మా బావమరిదండీ. పొరపాటున నా పేరు మీద పడింది" అనేశాడు సెక్రటరీగారు.

ఎస్సై వెళ్లిపోయాడు. గండం గడిచిందని సెక్రటరీగారు కాఫీ తాగాడు.

బావమరిది లెక్కల మాస్టారు. ఆయనకి జుట్టుంది. అదే నేరం. క్లాసులోంచి, పిల్లల ముందే తీసుకెళ్లారు.

"ఏవండీ, తమ్ముణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టారట!" అంది భార్య పరుగున వచ్చి. "టిక్కెట్టు కొట్టకపోతే కండక్టర్ని వెతుక్కుంటూ వెళ్లే రకం వాడు! వాడు దొంగేంటి?"

"మెషీన్లంతే."

"మెషీన్‌కి మావాడెలా తెలుసు?"

దానికి జవాబు ఆయన దగ్గరుంది. నోట్లోంచి రావడానికే సిగ్గుపడింది.

స్టేషన్లో బావమరిది బల్ల మీద ఒదిగి కూర్చున్నాడు. వేళ్లకి ఇంకా సుద్ద పొడి. సెక్రటరీగారు ఎస్సై ముందు తల వంచి చూపించాడు.

"ఫోటో నాదే సార్. జుట్టు స్టూడియోవాడిది."

కానిస్టేబుల్ పక్కకి తిరిగి నవ్వుకున్నాడు.

"అయితే దొంగ మీరా?"

"గొలుసు తెంపిన టైముకి కెమెరా ఎంత మంచిదో అపార్ట్‌మెంట్ మీటింగులో చెబుతున్నాను. పిన్నిగారిని అడగండి."

"మెషీన్ గట్టిగా చెబుతోంది మరి."

"అది నా జుట్టునే నమ్మింది సార్! మా ఫోటోలు తీసేయండి. ఆ కెమెరా మాకొద్దు."

"ఇచ్చిన మొహాలు వెనక్కి రావండీ."

పిన్నిగారికి ఫోన్ చేశాక మాస్టారిని వదిలారు. వదిలేముందు రికార్డు కోసమని గోడకి నిలబెట్టి ఫోటోలు తీశారు. కుడికి తిరగమంటే తిరిగాడు, ఎడమకి తిరగమంటే తిరిగాడు.

ఇద్దరూ ఆటో ఎక్కారు.

"జుట్టు బాగుంది బావా" అన్నాడు బావమరిది.

అపార్ట్‌మెంట్ కాస్త దూరంలో ఉండగానే ఆటో ఆపించాడు.

"లోపలికి రా. అక్క కంగారు పడుతోంది."

బావమరిది గేటు మీద కెమెరా వంక చూశాడు.

"అక్కనే ఇక్కడికి పంపు బావా."