అయిదో సంతకం

పంచాయతీ ఆఫీసు తలుపు బార్లా తీసి ఉంది. గడప ఉండాల్సిన చోట మాత్రం వాగు పారుతోంది. చీలమండల దాకానే లోతు, కానీ నీళ్ళు ఎర్రమట్టి కలిసి, చప్పుడన్నది లేకుండా కదులుతున్నాయి. నేను చెప్పులు చేత పట్టుకుని, చంకలో ఉన్న కాగితం తడవకూడదన్న భయంతో అడుగులో అడుగు వేసుకుంటూ దాటుతున్నాను. లోపల గది మా ఊరి ఆఫీసుదే, అదే పెచ్చులూడిన సున్నం గోడ, అదే ఆగిపోయిన గడియారం. తల ఎత్తి చూస్తే కప్పు లేదు, గోడలు నల్లరాతి కోటగోడలై పైకి పోతూనే ఉన్నాయి. ఎక్కడి నుంచో వెలుతురు వస్తోంది గానీ అది పొద్దుటిదో సాయంత్రానిదో తెలియడం లేదు. గది నడుమ సర్పంచు కుర్చీ ఉంది. దాని వీపు మీద తెల్ల తువ్వాల పరిచి ఉంది.

మా ఊళ్ళో కుర్చీ మీద తువ్వాల ఉందంటే, ఆ కుర్చీకి మగవాడు ఉన్నాడని గుర్తు. సర్పంచు ఆడమనిషే అయినా, ఆమె భర్తో, ఉపసర్పంచో పొద్దున్నే వచ్చి తువ్వాల వేసి పోతాడు, ఆమె వచ్చి కింద చాప మీద కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళ కిందట సర్పంచైన ఈదమ్మ ఒక్కతే ఆ తువ్వాలను రెండు వేళ్ళతో ఎత్తి, మడత పెట్టి, కిటికీలో పెట్టి, కుర్చీలో కూర్చుంది. ఊరంతా ఆ రోజు అన్నాలు తినడం మరిచిపోయి ఆ మాటే చెప్పుకుంది.

ఇప్పుడు ఆమె కూడా చాప మీదే ఉంది. ఆమెకు అటువైపు గోడ పొడవునా ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు, అందరూ గోడకేసి తిరిగి ఉన్నారు, వీపులు తప్ప ముఖాలు కనిపించవు. ఒకామె భుజాల మీద మగవాళ్ళు తొడిగే ఇనుప కవచం ఉంది, ఒకామె జడలో ముత్యాలు ఉన్నాయి, ఒకామె చీర మా అమ్మ కట్టే నేత చీరలాగే ఉంది. ఎంత లెక్కపెట్టబోయినా వరస చివర దొరకడం లేదు. ఈదమ్మ ఒక్కతే నా వైపు తిరిగి ఉంది. తలంతా తడి. కొసల నుంచి నీళ్ళు చుక్కచుక్కగా చాప మీదికి కారుతున్నా ఆమె తుడుచుకోవడం లేదు.

"వచ్చినవా పిల్లా," అంటుంది. "గొళ్ళెం తియ్యనీకె ఇన్నేండ్లు పట్టెనా?"

ఆమె చచ్చిపోయిందని నాకు తెలుసు, మూడోనాడు తుమ్మచెట్ల మొదట్లో తేలిన ఆమెను చూడడానికి ఊరంతా పోయినా నేను పోలేదని కూడా తెలుసు. అయినా ఇక్కడ అదేం పెద్ద సంగతిలాగా లేదు. బస్సు తప్పిపోయి ఆలస్యంగా వచ్చినదాన్ని పలకరించినట్టే పలకరిస్తోంది. నేను ఆమె పక్కన కూర్చుంటాను. చాప చల్లగా ఉంది. ఈ వీపులు ఎవరివక్కా, నేను పుస్తకాల్లో చదివిన రాణులేనా అని అడుగుతాను.

"నాకేం ఎరుక. చదివినదానివి నువ్వు. వీళ్ళైతే మాట్లాడరు. నేనచ్చినకాన్నుంచి గోడనే చూస్తున్నరు."

నేను బడికి పోలేదు. కిరాణా కొట్టు వాడు బెల్లం చుట్టి ఇచ్చిన పేపరు ముక్కలు, నా కొడుకు రెండో తరగతి వాచకం, వీటితోనే కూడబలుక్కుని కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. నేర్చిన తరువాత నేను చదివినవన్నీ రాణుల కథలే. సాయంత్రాలు ఈదమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని పైకి చదివేదాన్ని, ఆమె చింతపండు గింజలు తీస్తూ వినేది. తండ్రి కొడుకు పేరు పెట్టి సింహాసనం ఎక్కించిన రుద్రమ కథ ఆమెకు చాలా ఇష్టం. ఒకసారి పేపర్లో చూసి చదివాను, మా నల్లగొండ జిల్లాలోనే చందుపట్లలో ఉన్న రాయి మీద రుద్రమ శివలోకానికి పోయిన సంగతి చెక్కి ఉందట. గింజ తీసే చెయ్యి ఆపి, రాజ్యమేలినన్ని రోజులు ఆమె కుర్చీ మీద ఎవడన్నా తువ్వాలేసిండా, అది రాసి ఉన్నదా చూడు, అని అడిగింది ఈదమ్మ. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆమె వేలిముద్ర మనిషి. అప్పుడు ఆమె ఊరికి మొదటి ఆడ సర్పంచు, నేను మూడో వార్డు మెంబరును.

"నీ చంకలది ఏం కాయితం?" అంటోంది ఇప్పుడు.

చూస్తే అది పంచాయతీ తీర్మానాల పుస్తకం. లావుగా, ఎర్ర గుడ్డ అట్టతో ఉంది. తెరవకుండానే ఏ పేజీయో నాకు తెలుసు. మా పంచాయతీలో ఒక అలవాటు ఉండేది. మాటిమాటికీ మీటింగులకు పిలవడం ఎందుకని ముందే ఖాళీ పేజీల కింద మెంబర్ల సంతకాలు పెట్టించుకుని, ఆ తరువాత పైన తీర్మానం రాసుకునేవారు. పెట్టేవాళ్ళకూ పెట్టించుకునేవాళ్ళకూ అందులో తప్పేమీ కనిపించేది కాదు. ఈదమ్మ మాత్రం ఒప్పుకోలేదు, రాసింది చదివి వినిపిస్తేనే వేలు పెడతాను, తెల్ల కాగితం మీద పెట్టనని చెప్పేసింది. ఆ వానాకాలం ఉపసర్పంచు జంగయ్య ఆ పుస్తకాన్ని స్వయంగా మా ఇంటికి తెచ్చాడు. మెంబర్లందరిలో నీ చేతిరాతే ముత్యాల సరమమ్మా అన్నాడు. నేను అరుగు మీద కూర్చుని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, వేముల అండాలు అని నా పేరు ఒక్కొక్క అక్షరం గుండ్రంగా దిద్ది, కింద గీత కూడా గీశాను. తొమ్మిది మంది మెంబర్లలో అది అయిదో సంతకం. సర్పంచుకు ఒంట్లో బాగుండనందున అధికారాలన్నీ ఉపసర్పంచుకు అప్పగించాలని ఆ పేజీలో రాసుకున్నారని నాలుగు రోజుల తరువాత తెలిసింది. రాయి ఎత్తి అవతల వేయగల మనిషికి జబ్బు అంటగట్టారు. అయిదు సంతకాలు లేకపోతే ఆ మాట చెల్లేది కాదు.

"చదువు రాని నేను తెల్ల కాయితం మీద వేలు పెట్టకపోతి," అంటుంది ఈదమ్మ, కోపంగా కాదు, ఎప్పటి నుంచో తెలుసుకోవాలని ఉన్నట్టు. "చదువొచ్చినదానివి, నువ్వు అండ్ల ఏం చదివినవు?"

నేను పుస్తకం మూస్తాను. అది మూతపడదు, ఎన్నిసార్లు మూసినా అదే పేజీ దగ్గర తెరుచుకుంటోంది. నీళ్ళు గుమ్మం దాటి లోపలికి వస్తున్నాయి, చాప అంచు నల్లబడుతోంది. ఆ పొద్దున నువ్వు పిలిచినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నానక్కా అని చెబుతాను. అది ఆమెకు తెలుసు, అయినా చెబుతాను. మండలాఫీసుకు పోదాం, ఆ పేజీ నీకు ఖాళీగా చూపించారని ఆఫీసరు ముందు ఒక్క మాట చెప్పు చాలు అని ఆమె గొళ్ళెం కొడుతూ పిలిచింది. నేను తలుపుకు ఇవతల, గొళ్ళెం మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నాకు జంగయ్యంటే భయం లేదు. చదువొచ్చిందని ఊరంతా చెప్పుకుని తిరిగినదాన్ని, ఖాళీ పేజీ మీద సంతకం పెట్టానని పదిమందిలో ఎట్లా చెప్పాలన్నదే నా సిగ్గు. ఆమె మూడుసార్లు పిలిచి వెళ్ళిపోయింది. బస్సు రావడానికి ఇంకా గంట ఉంది, అంతదాకా ఆగలేక అడ్డదారిన వాగులో దిగింది. ఎక్కడో పైన పడ్డ వాన ఆ వేళకే వరదై దిగి వచ్చింది.

"నీ ఊపిరి ఇనవడ్డది," అంటుంది ఈదమ్మ. "తలుపు అవతల. పిల్లి లెక్క."

అని నవ్వుతుంది. నాకు ఏడుపు వస్తోంది గానీ కళ్ళ నుంచి ఏమీ రావడం లేదు, నీళ్ళన్నీ కిందనే ఉన్నాయి, మోకాళ్ళ దాకా వచ్చాయి, అయినా మేమిద్దరం కూర్చునే ఉన్నాం. నా మనుమరాలు ఎట్లుంటది అని అడుగుతుంది. ఆమె పోయాక పుట్టిన పిల్ల. నీ నడకే, చేతులు వెనక్కి ఊపుకుంటూ, ఎదుటివాడు పక్కకు తప్పుకోవాల్సిందే అన్నట్టు, అని చెబుతాను. పేరు రవళి అనీ, డిగ్రీ చదివిందనీ, ఈసారి సర్పంచుకు నిలబడుతోందనీ, నామినేషన్‌కు ఇవాళ సాయంత్రం అయిదింటి దాకానే గడువనీ చెబుతాను. అభ్యర్థిని ప్రతిపాదిస్తున్నానని ఊరి ఓటరు ఒకరు సంతకం పెట్టాలట. మా నాయినమ్మ పక్కన కూర్చున్న మెంబరువు నువ్వే మిగిలినవు అవ్వా, నీ సంతకమే కావాలె అని పొద్దున కాగితం ఇచ్చి పోయింది. జంగయ్య కొడుకు కిరణ్ వాళ్ళు తనకే అండగా ఉన్నారనీ, కాగితాల పని అంతా ఆయనే చూస్తున్నాడనీ, మూడింటికి వచ్చి తీసుకుపోతాడనీ చెప్పింది.

"పెట్టినవా?"

పెట్టలేదు. పెన్ను చేతికి తీసుకున్నాను, కింద పెట్టాను. నేను పెట్టనక్కా, అది నిలబడకూడదు, అంటాను. నేను చదివిన రాణుల కథలన్నిటికీ మొదటి పేజీ పట్టాభిషేకమే, చివరి పేజీ మాత్రం ఎవరిదీ మంచిగా లేదు. రుద్రమ యుద్ధంలో పోయింది. ఢిల్లీని ఏలిన రజియాను గద్దె దింపారు, ప్రాణం తీశారు. పల్నాడులో నాగమ్మ మంత్రి అయితే యుద్ధం పాపమంతా ఆమె నెత్తిన రుద్దారు. ఆ తరువాత నువ్వు. కుర్చీ ఎక్కిన ఆడదాన్ని ఒక్కదాన్నైనా ఈ నేల బతకనిచ్చిందా అని అడుగుతాను. గోడకేసి తిరిగినవాళ్ళ వీపుల్లో ఒకటి కొద్దిగా కదులుతుంది. కవచం కిర్రుమంటుంది, తిరిగి చూడబోతోందేమో అనుకుంటాను. ఆమె తిరగదు.

"కుర్చీ మీద కూసున్నందుకు సచ్చిననా నేను?" అంటుంది ఈదమ్మ. మొదటిసారి ఆమె గొంతులో నవ్వు లేదు. "ఒక్కదాన్ని వాగుల దిగినందుకు సచ్చిన. నా చెయ్యి పట్టుకునేటోళ్ళు లేక సచ్చిన."

నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఆడవాళ్ళ వరస కనబడడం లేదు, ముత్యాల జడ ఒకటి నీటి మీద పాములా పోతోంది. పుస్తకం నా చేతుల్లో పలచబడి, పలచబడి, రవళి ఇచ్చిన కాగితమైపోయింది. దాన్ని తల మీదికి ఎత్తి పట్టుకుంటాను.

"కింద చూసినవా?" అంటుంది ఈదమ్మ.

నీళ్ళలోకి చూస్తాను. ఎరుపు తప్ప ఏమీ లేదు.

"అక్కడ గాదు పిల్లా. కాయితం కింద. కింద చూసినవా?"

అప్పుడు కుర్చీ తేలడం మొదలుపెడుతుంది. ఖాళీగా ఉందనుకున్న కుర్చీలో ఎవరో ఉన్నారు, నా వైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నారు, తువ్వాల ఆమె భుజాల చుట్టూ బిగుసుకుని ఉంది. ఆమె జడ తడిగా ఉంది, రెండు చేతులూ వెనక్కి ఉన్నాయి. ఆ చేతులు నాకు తెలుసు. రవళీ అని పిలుస్తాను, నా గొంతు నాకే వినిపించదు. కుర్చీ మెల్లగా గుమ్మం వైపు, వాగు వైపు పోతోంది, ఎవరో బయట గొళ్ళెం కొడుతున్నారు, ఒకటి, రెండు. నేను తలుపుకు ఏ వైపు ఉన్నానో తెలియడం లేదు, గొళ్ళెం మీద చెయ్యి ఉందో లేదో తెలియడం లేదు, మూడు.

కళ్ళు తెరిచాను. మా వసారాలో, మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాను. ఎండ కాళ్ళ మీదికి వచ్చింది. కళ్ళద్దాలు ఒళ్ళోకి జారి ఉన్నాయి, వాటి కింద రవళి ఇచ్చిన నామినేషన్ కాగితం. గడియారం మూడు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది.

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. పై కాగితంలో రవళి పేరు, తండ్రి పేరు, ఊరు అన్నీ సరిగ్గా రాసి ఉన్నాయి. నా సంతకానికి చోటు వదిలారు. పొద్దున నుంచి ఆ చోటు ఒక్కటే చూస్తూ కూర్చున్నాను గానీ మూలన గుండుసూది గుచ్చి ఉందని గమనించలేదు. పైదాన్ని ఎత్తాను.

అడుగున ఇంకొక కాగితం ఉంది. దాని మీద ఒక్క అక్షరం లేదు, అంతా తెలుపు. అట్టడుగున మాత్రం నీలి సిరాతో, గుండ్రంగా, రవళి సంతకం. పోటీ నుంచి నా అంతట నేనే తప్పుకుంటున్నానని ఎవరైనా తీరిగ్గా రాసుకోవడానికి పైన కావలసినంత చోటు ఉంది.

గొళ్ళెం మళ్ళీ మోగింది. "అవ్వా, సంతకం అయిందా? టైమైతాంది, కాయితం ఇయ్యి," అంటున్నాడు కిరణ్.

ముందు నామినేషన్ మీద సంతకం పెట్టాను. పేరంతా రాశాను, తొందరలో అక్షరాలు వంకరపోయాయి. కాగితాలు రెండూ మడిచి రవికలో పెట్టుకున్నాను. చెప్పులు వేసుకున్నాను.

"రవళి యాడుంది బిడ్డా?" అన్నాను తలుపు ఇవతలి నుంచే. "కాయితం నేనే తెస్త. పిల్లతోని ఆఫీసు దాక నేను గూడ వస్త."

నేను గొళ్ళెం తీశాను. కిరణ్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, చాచిన చెయ్యి ఇంకా దించలేదు. అతని భుజం మీద కొత్త తెల్ల తువ్వాల ఉంది. కొట్టువాడు పెట్టిన మడత ఇంకా విప్పలేదు.