ఒంటె బొమ్మ సెట్టు

మేనల్లుడు పొద్దున్నే షాపు షట్టరు ఎత్తే వేళకి అత్త ఇంట్లో గదులన్నీ చుట్టేసి, మెట్లు దిగి, వీధిలో అటూ ఇటూ పచార్లు చేస్తూ కనిపించేది. మిద్దె మీద ఇల్లు, కింద షాపు. రాత్రి పడుకున్నా ఆవిడ కాళ్లు దుప్పటి కింద నడుస్తూనే ఉండేవి. ఆవిడ ఇంట్లో తిరిగే దూరానికి పెట్రోలు పోయించాల్సి వస్తే ఈపాటికి దివాలా తీసేవాళ్లమని కోడలు బిల్లుల బల్ల దగ్గర కూర్చుని అంటూ ఉండేది. కోడలు అంటే మేనల్లుడి భార్య. నోరు కాస్త పెద్దదే కానీ, అత్తయ్య కాఫీలో పంచదార సరిపోయిందో లేదో తను చుక్క రుచి చూసి మరీ ఇచ్చే మనిషి.

అది కార్లకి పాటల సెట్లు బిగించే షాపు. ఈ వ్యాపారంలో అబద్ధాలు కాస్త ఎక్కువ. డబ్బా మీద వెయ్యి వాట్లని రాసి ఉంటుంది. ఆ వెయ్యి ఎక్కడి నుంచి వచ్చిందో డబ్బా అచ్చువేసినవాడికే తెలియాలి. కొనేవాడు షాపులో విన్నప్పుడు ఆహా అంటాడు, వానాకాలం వెళ్లేసరికి స్పీకరు గరగరమంటుంది, తిరిగొచ్చి పోట్లాడతాడు. అసలు నాలుగు తలుపులూ బిగించుకుని, బయట లోకమంతా హారన్లు కొడుతుంటే, లోపల కూర్చుని వేణువు వినాలనుకోవడమే మనిషికి పట్టిన ఒక వింత రోగం. ఆ రోగం మీదే ఆ షాపు బతుకుతోంది.

షాపు మధ్యలో ఒక పాత కారు ఉండేది. దాని డ్యాష్‌బోర్డు పలక ఊడదీసి, ఏ కంపెనీ సెట్టయినా చిటికెలో తగిలించేట్టు వైర్లు బయటికి లాగి పెట్టాడు మేనల్లుడు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా అత్త వచ్చి ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకునేది. పాట పెట్టేవాడు. పాట ఎంత బాగా పలికితే అత్త వయసు అంత తగ్గేది. పాట ఆగితే మళ్లీ డెబ్బైకి దగ్గరపడ్డ అత్తే.

దాన్నిబట్టి మేనల్లుడు ప్రతి సెట్టుకీ ఒక అట్టముక్క వేలాడదీసేవాడు. 'కళ్లజోడు తీసింది' అంటే పరవాలేదన్నమాట. 'మోకాళ్లు ముడిచింది' అంటే మంచిది. 'జడ నల్లబడింది' అంటే ఇక అడగక్కర్లేదు. కొనేవాళ్లు కూడా వాట్ల సంగతి వదిలేసి, జడ సగం నల్లబడే రకం ధరకి పూర్తిగా నల్లబడేది ఇవ్వమని బేరమాడేవాళ్లు. ఒకాయన తన భార్యకి బంగారంచు కంపెనీ సెట్టు నచ్చలేదని వాపసు తెస్తే, మా అత్త మోకాళ్లు ముడిచిన సెట్టు మీకు నచ్చకపోవడమేమిటని మేనల్లుడు నిలదీశాడు. ఆయన తల గోక్కుని తిరిగి పట్టుకుపోయాడు.

ఇంత పేరున్నా అత్తకి అక్కడ కుదురు లేదు. ఆవిడ ముప్పై ఏళ్లకి పైగా బేకరీ వ్యాను నడిపిన మనిషి. మొదట్లో అదే బేకరీలో రొట్టెలు కవర్లలో పెట్టే పని చేసేది. ఒకరోజు డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేస్తే, రొట్టెలు చల్లారిపోతున్నాయని ఈవిడే తాళాలు అందుకుంది. అప్పటికి వయసు ముప్పై దాటింది. వారం రోజులు గోడలకి గీరుకుంటూ నేర్చుకుంది. ఆ తర్వాత ఎండనక వాననక, ఈ ఊరి నుంచి కొండ అవతలి ఊరిదాకా రొట్టెలు చేరవేసింది. కళ్లు మసకబారి, చేతులు వణకడం మొదలయ్యాక లైసెన్సు కాయితం కొత్తది చేయడానికి ఒప్పుకోలేదు ఆఫీసువాళ్లు. కంటి పరీక్షకి పెట్టే అక్షరాల పలకలో పై వరస కూడా చదవలేకపోయింది. అలా మేనల్లుడి మిద్దె చేరింది.

నెలాఖరు దాటితే ఆ పాత లైసెన్సు పూర్తిగా రద్దయిపోతుంది. ఆ తర్వాత మళ్లీ ఇవ్వరు. బేకరీవాళ్లకి కొండ దారి తెలిసిన మనిషి దొరకడం లేదు, ఆవిడ వస్తానంటే ఈ క్షణమే తాళాలు ఇస్తామని కబురు పంపారు. అందుకని అత్త మేనల్లుణ్ణి రోజూ ఒకటే అడుగుతోంది. మంచి సెట్టు ఒకటి ఈ కారులో గట్టిగా బిగించి, దీన్నే లైసెన్సు ఆఫీసుకి తీసుకెళ్లమని. పాట ఉంటే కళ్లు కనిపిస్తాయి, చేయి వణకదు, పరీక్ష అవుతుంది. ఆ తర్వాత అదే సెట్టు వ్యానుకి మార్చుకోవచ్చు.

మేనల్లుడు చూద్దాం అనేవాడు. ఆ మాటకి అర్థం అందరికీ తెలిసిందే.

"చూడ్డానికేముందిరా? నా కళ్లు ఉన్నంతసేపే చూడాలి," అంది ఒకరోజు అత్త.

"నడిరోడ్డు మీద పాట ఆగిపోతేనో? లారీ ఎదురొస్తుంటే నీకు కళ్లు మసకేస్తేనో? ఇద్దరం చేసుకున్న పాపానికి నేనొక్కణ్ణే కూర్చుని ఏడవాలా?"

అత్త వెనుదిరిగింది. మళ్లీ మెట్లెక్కి గదులు చుట్టడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే డేగ బొమ్మ కంపెనీ మనిషి వచ్చాడు. బూట్లలో మొహం చూసుకోవచ్చు, అంత మెరుపు. కొత్త మోడల్ తెచ్చాడు, తానే స్వయంగా బిగించాడు. అత్త కూర్చుంది. పాట మొదలైంది. మొదటి చరణం కూడా అవలేదు, జడ నల్లబడింది, బుగ్గలు నిండాయి, ఎప్పుడో ఊడిన ముందు పన్ను తిరిగొచ్చింది. ఇంతవరకు ఏ కంపెనీ ఆవిణ్ణి పన్నుదాకా తీసుకెళ్లలేదు. మేనల్లుడు సంబరంతో తలుపు తీశాడు. లోపల పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల పిల్ల కూర్చుని ఉంది. అతని మొహంలోకి చూసి, "అన్నయ్యా, ఈ కర్ర ఏమిటి?" అని గేరు రాడ్డు చూపించింది.

మేనల్లుడిది అచ్చం తండ్రి పోలిక. అతను గబుక్కున పాట ఆపేశాడు.

కంపెనీ మనిషి అప్పుడే ఆర్డరు పుస్తకం తీస్తున్నాడు. అత్త మాత్రం చాలాసేపు తన కుడిపాదం వంకే చూసుకుంటూ కూర్చుంది. తర్వాత, సౌండు సగానికి తగ్గించి పెడితే వయసు సరిపోతుందేమో చూడమంది. తగ్గించారు. నలభైల్లో ఆగింది. గేరు గుర్తొచ్చింది. సరే అయితే ఇంజను వెయ్యి, అలా రోడ్డు మీదికి పోయొద్దాం అంది.

ఇక్కడే ఆ షాపువాళ్ల తెలివంతా బయటపడింది. పెట్రోలు దండగని, షాపులో పొగ నిండుతుందని, మేనల్లుడు ఆ కారు ఇంజను వేసి ఒక్కసారి కూడా సెట్టు పరీక్ష చేయలేదు. బ్యాటరీకి చార్జరు తగిలించి వినిపించేవాడు. గోడకి వేలాడే ఆ అట్టముక్కలన్నీ కదలని కార్ల సంగతే చెబుతున్నాయన్నమాట. ఇన్నేళ్లలో ఆ ముక్క ఎవరికీ తట్టలేదు. కొన్నవాళ్లు తిట్టినప్పుడు కూడా తట్టలేదు.

మేనల్లుడు నడిపాడు, అత్త పక్కన, కంపెనీ మనిషి వెనక. ఇంజను వేయగానే పాట కింద సన్నగా ఒక ఈల మొదలైంది. ఎక్సిలేటరు తొక్కితే ఈల పెరిగింది. అత్త కళ్ల చుట్టూ ముడతలు ఈలతో పాటే వస్తూ పోతూ ఉన్నాయి. మొదటి స్పీడ్‌బ్రేకరు దాటేటప్పుడు ఎడమవైపు స్పీకరు టక్కుమని ఆగిపోయింది. అత్త ఎడమ సగం ముసలిదైపోయింది. కుడి కన్ను రోడ్డు చివరి బోర్డు చదువుతోంది, ఎడమ కన్నుకి ముందున్న అద్దమే కనిపించడం లేదు. కుడి చెయ్యి ఒళ్లో నిలకడగా ఉంది, ఎడమ చెయ్యి వణుకుతోంది. సిగ్నల్ దగ్గర పక్క కారులోని పిల్లవాడు చూసి, వాళ్లమ్మకి చూపించి, మళ్లీ ఐస్‌క్రీములో పడ్డాడు.

"వైరు వదులైంది సార్, అంతే," అన్నాడు కంపెనీ మనిషి.

"స్టీరింగు మీద నా చెయ్యే వదులయ్యేది, నేను నడుపుతూ ఉంటే," అంది అత్త కుడి సగంతో.

ఇక అక్కడి నుంచి షాపులో ఎవరికీ ఊపిరి సలపలేదు. నెలాఖరు ముంచుకొస్తోంది. అరల్లో ఉన్న సెట్లన్నీ ఒక్కొక్కటిగా కారుకి బిగించి, ఇంజను వేసి, గుంతల రోడ్డు మీద తిప్పారు. బంగారంచు రకం ఎండలో గంట నిలబెట్టేసరికి గొంతు జీరపోయింది, అత్త కళ్లజోడు వెతుక్కుంది. ఇంకొకటి హారన్ కొట్టినప్పుడల్లా తుళ్లిపడి మొదటికొచ్చేది. ఒకటి వంతెన మీద ఉండగా పాట మధ్యలో గుక్క తిప్పుకుంది, మేనల్లుడు భయపడి బండి పక్కకి తీసి, చెమట తుడుచుకున్నాడు. కోడలు ప్రతి సాయంత్రం గోడ దగ్గర నిలబడి అట్టముక్కలు చింపేది. పాత కొనుగోలుదార్లకి ఏం చెప్పాలిరా దేవుడా అని మొగుణ్ణి దెప్పుతూ చింపేది.

చివరికి మిగిలింది అడుగు అరలోని ఒంటె బొమ్మ సెట్టు. దాని అట్టమీద 'కళ్లజోడు తీసింది, అంతే' అని ఉంది. ఊరికే చూసిపోయేవాళ్లకి కూడా చూపించని సరుకు. నల్లగా, బరువుగా, పాత తాళంకప్పలా ఉంటుంది. తళుకు దీపాలు లేవు. దాన్ని బిగించి పోనిచ్చారు. అత్త యాభై దగ్గర ఆగింది. జడలో ఇంకా తెలుపే ఎక్కువ, కళ్లజోడు మాత్రం తీసేసింది. ఇంజను వేశారు, అక్కడే ఉంది. గుంతల్లో ఎత్తి కుదేశారు, అక్కడే ఉంది. ఎండలో నిలబెట్టారు, లారీ వెనక హారన్ల మధ్య పోనిచ్చారు, అత్త వెంట్రుక కూడా రంగు మారలేదు. కొండ దారి మొదలయ్యేచోట మేనల్లుడు బండి ఆపితే, ఆవిడ మైలురాయి మీద అంకె చదివి, పక్క సీట్లో లేని క్లచ్ కోసం తనకి తెలియకుండానే కాలు చాచింది.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. పాట అయిపోయి ఇంకో పాట అందుకునే లోపల ఆ కాస్త ఖాళీలో అత్తకి పాత వయసు తిరిగొచ్చేది. షాపులో కూర్చున్నప్పుడు ఆ ఖాళీలో మోకాలు రుద్దుకునేది, అదొక లెక్కే కాదు. మలుపులో వస్తే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఆ మాట ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

కంపెనీ మనిషి ఆఖరి ప్రయత్నంగా మళ్లీ వచ్చాడు. ప్రచారం కోసం డేగ సెట్టు ఊరికే ఇస్తాం, పెద్దమ్మగారు షాపులోనే, ఇంజను వేయకుండా, ఆ కారులో కూర్చుంటే చాలు, పొద్దుట్నుంచి సాయంత్రందాకా పందొమ్మిదేళ్ల పిల్లలాగే ఉండొచ్చు, ఆ వయసు ఎవరికి వద్దు అన్నాడు. మేనల్లుడు తల దించుకుని స్క్రూలు ఏరుతున్నాడు. అతనికీ ఆ ఆశ లేకపోలేదు. అత్త ఇంటిపట్టున ఉంటుంది, షాపు నడుస్తుంది, లారీల భయం ఉండదు.

"పందొమ్మిదిలో నాకు బండి నడపడం రాదు నాయనా," అంది అత్త. "నేర్చుకున్నదంతా వదులుకుని, అక్కడ కూర్చుని ఏం చెయ్యను?"

నెలాఖరు రోజున లైసెన్సు ఆఫీసుకి బయల్దేరారు. అంతకు ముందు మూడు నాలుగు సాయంత్రాలు మేనల్లుడు ఆ కారులో తలుపులు బిగించుకుని ఒంటరిగా కూర్చోవడం అత్త చూసింది. అలిగాడనుకుంది. దారి పొడుగునా అతను పాట పెట్టలేదు. అత్త కాళ్లు కారు నేలని తడుతూనే ఉన్నాయి.

ఆఫీసరు సన్నటి మనిషి, జలుబు చేసి ఉంది. సంగతి విని, అక్షరాల పలక వసారాలోకి తెప్పించి, కారు ఎదురుగా గోడకి ఆనించాడు. ఒంటె బొమ్మ సెట్టు పాడింది. అత్త డ్రైవరు సీట్లోంచి కింది వరసదాకా చదివింది. పాట ఆపమన్నాడు. పై అక్షరం కూడా పోయింది. మళ్లీ పెట్టమన్నాడు, మళ్లీ చదివింది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి లైసెన్సు మీద ఆ మాట రాస్తామని, ఈవిడకి పాట అని రాయాల్సి ఉంటుందని గుమాస్తాతో అన్నాడు. తర్వాత పక్క సీట్లో ఎక్కి కూర్చుని, పోనివ్వమన్నాడు.

ఆవరణ దాటి రోడ్డెక్కాక ముక్కు తుడుచుకుంటూ అడిగాడు. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా. పాటకీ పాటకీ మధ్య ఏం చేస్తారు?"

ఆ మాట పూర్తయ్యేసరికి పాట ఆఖరి చరణం కూడా అయిపోవచ్చింది. ఎదురుగా మలుపు. మలుపులోంచి బస్సు ముక్కు కనిపించింది. పాట చివరి అక్షరం సాగుతోంది. అత్త స్టీరింగు గట్టిగా పట్టుకుంది, చేతుల మీద నరాలు లేచాయి. ఆ అక్షరం ఇంకా సాగుతూ ఉండగానే, దాని కిందనుంచి ఎక్కడో ఇంకో పాట సన్నగా మొదలై, పెరిగి, దాన్ని తనలో కలుపుకుని ముందుకెళ్లింది. అతుకు ఎక్కడుందో తెలియలేదు. బస్సు పక్కనుంచి పోయింది. అత్త మూడో గేరుకి మార్చింది.

"మా మేనల్లుడు చూసుకున్నాడండీ," అంది.

తిరిగొచ్చేసరికి మేనల్లుడు ఆవరణ గోడకి ఆనుకుని, అటువైపు తిరిగి నిలబడి ఉన్నాడు. పాటలెన్ని కలిపావురా అని అత్త అడిగింది. కొండ అవతలికి వెళ్లి రావడానికి సరిపడా, పైన ఇంకో గంట, ఎందుకైనా మంచిదని అన్నాడు. ముక్కు తుడుచుకున్నాడు. ఆఫీసరు దగ్గర జలుబు అంటుకుందని చెప్పాడు.

మర్నాడు బేకరీ వ్యానులో ఒంటె బొమ్మ సెట్టు బిగించారు. వేడి రొట్టెల ట్రేలు ఎక్కాయి. కొండ దారిలో మలుపు మీద మలుపు, పాట మీద పాట. అవతలి ఊళ్లో దుకాణాలవాళ్లు ట్రేలు దించుకున్నారు, ఒకడు మాత్రం ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లారని అడిగాడు. సాయంత్రం వ్యాను బేకరీ ముందు ఆగింది. కోడలు అక్కడే ఎదురుచూస్తోంది. దిగండి అత్తయ్యా, పొద్దుట్నుంచి కూర్చున్నచోటే కూర్చున్నారు, కాళ్లు పట్టేసి ఉంటాయి అంది.

అత్త కిందికి చూసుకుంది. కాళ్లు రెండూ పెడళ్ల పక్కన ఒద్దికగా, కదలకుండా ఉన్నాయి. ఎప్పుడు నిలిచాయో ఆవిడకే తెలియలేదు.